అవతలి వరుస

సొట్‌గోల్,
4 అక్టోబరు 2023

కొలొంబాకి,

యేసుకు స్తోత్రం. ఇక్కడ అందరం బతికే ఉన్నాం, ఒక్కరు తప్ప. బర్తొలొమి తాత పోయాడు. చుసొక్ పండగైన రెండోరోజు పొద్దున చిలగడదుంపలు తవ్వాడు, మధ్యాహ్నం అన్నం తిన్నాడు, నడుం వాల్చాడు, మళ్ళీ లేవలేదు. ఎనభై తొమ్మిదేళ్ళు. ఏడవక్కర్లేని చావే. అయినా ఏడ్చాం.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానా అనుకుంటున్నావేమో. నీది అసలే పిల్లి గొంతు. నా కుడిచెవి ఎప్పుడో పోయింది, ఎడమది పోయే దారిలో ఉంది. ఫోనులో నువ్వు ఏదో అనడం, నేను "ఆ?" అనడం, నువ్వు "ఏం లేదులే అమ్మమ్మా" అనడం. కాగితమైతే ఎన్నిసార్లయినా చదువుకోవచ్చు.

తాత ఆత్మశాంతికి పట్నంలో శవాన్ని ఉంచిన హాల్లో యొందో పాడాం. చిన్నప్పుడు నువ్వు ఎన్ని యొందోల్లో నా ఒళ్ళో నిద్రపోయావో. ఎదురెదురుగా రెండు వరుసలు కూర్చుంటాం. ఒక వరుస చరణం పాడి ఆగితే అవతలి వరుస అందుకోవాలి. తాత పోగా మన చిన్నగుడికి మిగిలింది ఎనిమిది మందిమి. ఇటు నలుగురం, అటు నలుగురు. అటు వరుసలో పెద్దగొంతు మగ్దలేనాది, దానికేమో దగ్గు. మేం పాడి ఆగాం. అవతల నుంచి దగ్గు తప్ప ఇంకేం రాలేదు. ముందు నవ్వొచ్చింది. తర్వాత భయమేసింది. నేను పోయేనాటికి అటు కూర్చునేది ఎవరు?

ఇంకో సంగతి. నెలకోసారి పూజ చెప్పడానికి పెద్దగుడి నుంచి వస్తాడే, ఫాదర్ యూన్, ఆయన ఒక కబురు మోసుకొచ్చాడు. మేత్రాసనం వాళ్ళు, అదే బిషప్ కచేరీ వాళ్ళు, లెక్క చూస్తున్నారట. గుడికి వచ్చే అరవై ఏళ్ళ లోపు మనిషి ఒక్కరైనా లేని చిన్నగుళ్ళని ఈస్టర్ తర్వాత మూసి, పెద్దగుడిలో కలిపేస్తారట. మన పుస్తకంలో అరవై లోపు పేరు ఒక్కటే ఉంది. నీది. మీ అమ్మ తన పేరు బుసాన్‌కి మార్పించుకున్నప్పుడే నేను నీ పేరు ఇక్కడే ఉంచమని పట్టుబట్టాను, మంచిదైంది. నువ్వు సియోల్ గుడికి పేరు మార్పించుకోకు. ఈస్టర్ దాకా ఆగు. పాపసంకీర్తనం చీటీల సంగతి నేను చూసుకుంటాను.

నువ్వు ఆదివారం పూజకి వెళ్తున్నావా? "ఊ" అని కాదు, వాక్యంలో జవాబు రాయి.

చెవిటిదైనా గట్టిదే,
మీ అమ్మమ్మ అగాతా


సియోల్,
19 అక్టోబరు 2023

అమ్మమ్మకు,

వాక్యంలో జవాబు రాస్తున్నాను. రెండేళ్ళు వెళ్ళలేదు. సెప్టెంబరు నుంచి వెళ్తున్నాను.

కోప్పడకు. దేవుడితో నాకు గొడవేం లేదు. మొదట్లో చివరి బెంచీలో కూర్చునేదాన్ని. ఒకరికొకరు శాంతి చెప్పుకునే చోట అటూ ఇటూ తల వంచి, పూజ కాగానే బయటపడేదాన్ని. ఏడాది పాటు ఆ గుడిలో ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. ఒక ఆదివారం వాన పడింది, వెళ్ళలేదు. తర్వాతి ఆదివారం వాన లేదు. అప్పుడూ వెళ్ళలేదు.

ఈ సెప్టెంబరులో గుడి ముందు ఒక కాగితం చూశాను. బైబిలు చేత్తో రాసుకునే బృందం, శనివారం రెండింటికి, పై అంతస్తులో. మాట్లాడక్కర్లేని పని అనిపించింది. వెళ్ళాను. గది తప్పాను.

లోపల పదముగ్గురు ముసలివాళ్ళు ఉన్నారు. అందరూ నన్ను చూసి ఒక్కసారిగా జరిగి చోటిచ్చారు.

"అమ్మాయ్, పుస్తకం తెచ్చుకున్నావా?" అని ఒక తాతగారు అడిగారు.

"లేదండీ."

"ఇదిగో, నాది తీసుకో. నాకు నోటికి వచ్చు."

తెరిస్తే యొందో పుస్తకం. వీళ్ళు ఇక్కడి గుడివాళ్ళలో ఎవరు పోయినా వెళ్ళి పాడే బృందమట. క్షమించండి, పక్క గదికి రాబోయి వచ్చానని చెప్పాలి. ఈలోపు ఒకావిడ నా చేతిలో బియ్యప్పిండి అప్పం పెట్టింది. తింటూ లేచి వెళ్ళిపోవడం బాగుండదని కూర్చున్నాను. తిన్నాక లేవడం ఇంకా బాగుండదనిపించింది. నెల కావస్తోంది.

పుస్తకం ఇచ్చినాయన పేరు అంబ్రోస్. ఆయనే పెద్ద. "మన సగటు వయసు డెబ్బై ఎనిమిది ఉండేది, ఈ అమ్మాయి వచ్చి డెబ్బై నాలుగుకి దించింది" అని అందరికీ చెప్తున్నారు. లెక్క వేసి చూశాను, సరిగ్గానే ఉంది. పోయిన శనివారం ఆలస్యమైతే ఇంటిదాకా దింపారు.

నల్లబట్టలు కొనుక్కున్నాను. పాడేటప్పుడు పుస్తకం మీద పడుతోందని జుట్టు కత్తిరించుకున్నాను. మా గుడికి వచ్చే సిస్టర్ వెరోనికా నవంబరులో రెండు రోజులు మఠానికి వచ్చి ఉండమన్నారు. గ్రంథాలయం ఉద్యోగంలో సెలవు అడగాలి, ఇంకా అడగలేదు.

పేరు మార్పించుకోను.

కొలొంబా


సొట్‌గోల్,
3 నవంబరు 2023

నా బంగారు కొలొంబాకి,

యేసుకు వెయ్యి స్తోత్రాలు. రెండేళ్ళు గుడికి పోని సంగతి నేను చదవలేదు. ఆ వాక్యం మీద ముల్లంగి పులుసు ఒలికింది అనుకో.

నల్లబట్టలు. కత్తిరించిన జుట్టు. మఠంలో రెండు రోజులు. నేను ముసలిదాన్నే కానీ రెండూ రెండూ కలపడం వచ్చు. నువ్వు సిగ్గుపడి చెప్పలేదు గానీ నాకు అర్థమైంది. మన ఇంట్లో ఒక మఠకన్య! ముత్తాతలు క్రైస్తవులని చంపే రోజుల్లో ఈ కొండల్లో దాక్కుని, కుండలు చేసుకుంటూ, మట్టి తొక్కుతూ జపమాల చెప్పుకున్నారు. వాళ్ళు ఎక్కడున్నా ఈ కబురు విని ఎగిరి గంతేస్తారు. నేను ఎవరికీ చెప్పలేదు. మగ్దలేనాకి ఒక్కదానికే చెప్పాను. ఆదివారానికి అందరికీ తెలిసింది. తొమ్మిది రోజుల ప్రార్థన మొదలుపెట్టాం.

ఒక్కటే అర్థం కాలేదు. ఇంటిదాకా దింపిన ఆ అంబ్రోస్ ఎవరు? మఠానికి పోయే పిల్లకి అంబ్రోస్ ఎందుకు? వయసెంత? కారుందా?

నిన్న ఎండ బాగుందని, నేను పోయాక తొడగాల్సిన నా కప్పుడు బట్టలు పెట్టెలోంచి తీసి ఆరేశాను. నారబట్ట, ఇరవయ్యేళ్ళ క్రితం నేనే కుట్టుకున్నది. పురుగు పట్టలేదు. మగ్దలేనా చూసి "నీకంటే నీ బట్టలే బాగున్నాయి" అంది. దాన్ని ఆ దగ్గు కూడా ఏం చెయ్యలేదు.

పోయినవారం పాత కుండల బట్టీ చూడ్డానికి సియోల్ నుంచి కుర్రకారు వచ్చారు. గుడి ముందు నిలబడి ఫొటోలు తీసుకున్నారు. లోపలికి రండర్రా అన్నాను. "పర్లేదు బామ్మగారూ" అని, కాఫీ కప్పులు మన మెట్ల మీద పెట్టి పోయారు. ఈ కాలం వాళ్ళు గుడిని బయటినుంచే చూస్తారు. అందుకే నువ్వు ఉన్నావంటే నాకు ఇంత సంబరం.

కాబోయే సిస్టర్‌కి అమ్మమ్మ,
అగాతా


సియోల్,
27 నవంబరు 2023

అమ్మమ్మకు,

ఆలస్యానికి క్షమించు. ముందు మూడు సంగతులు.

నేను మఠంలో చేరడం లేదు. సిస్టర్ వెరోనికా పిలిచింది అక్కడి పుస్తకాలు సర్దిపెట్టమని. సర్దాను, వచ్చేశాను.

అంబ్రోస్ గారి వయసు ఎనభై ఒకటి. ముప్పై ఐదేళ్ళు సిటీ బస్సు నడిపారు. కారు లేదు. దింపడమంటే నాతోపాటు నడిచి రావడం. పక్కన వాళ్ళావిడ తెరేసమ్మగారు కూడా ఉన్నారు.

కప్పుడు బట్టలు ఎందుకు ఆరేశావు? ఆ వాక్యం చదివి నాకు నిద్ర పట్టలేదు. ఒంట్లో బాగాలేక నాకు చెప్పకుండా దాస్తున్నావేమోనని ఎర్రజిన్సెంగ్ వేరు కషాయం పంపించి, ఫాదర్ యూన్‌కి ఫోన్ చేశాను. నాకు తెలియనివాళ్ళకి ఫోన్ చెయ్యడం ఎంత కష్టమో నీకు తెలుసు. ఆయన నవ్వి, "మీ అమ్మమ్మ నిన్ననే గుడి కప్పు కారుతోందని నా మీద కేకలేసింది. కిమ్చికి నూట ఇరవై క్యాబేజీలు మోసింది. మీకేమైనా జబ్బుంటే చెప్పండి, ఆమె వచ్చి చూసుకుంటుంది" అన్నారు. కాబట్టి జిన్సెంగ్ మగ్దలేనా బామ్మకి ఇవ్వు.

ఇక అసలు సంగతి.

పోయిన గురువారం ఒకతను చనిపోయాడు. ఇరవై ఏడేళ్ళు, నాకంటే ఏడాది పెద్ద. పేరు ప్యో జేహన్. మోటారు సైకిలు మీద ఇళ్ళకి భోజనాలు చేరవేసేవాడు. చాప పరిస్తే నిండిపోయే గదిలో ఒక్కడే ఉండేవాడు. జ్వరం ముదిరింది. నా అన్నవాళ్ళు ఎవరూ రాలేదు. గదిలో జపమాల, వెనక పేజీలో "గ్రెగరీ" అని రాసుకున్న ప్రార్థన పుస్తకం కనిపిస్తే వార్డు ఆఫీసువాళ్ళు మా గుడికి చెప్పారు.

శుక్రవారం పొద్దున పదిన్నరకి యొందో. మా వాళ్ళలో సగం మందికి జలుబు జ్వరాలు. నాతో కలిపి నలుగురం వచ్చాం. హాల్లో అతని ఫొటో కూడా లేదు, ఉద్యోగపు కార్డు మీది బొమ్మ పెద్దది చేసి పెట్టారు. శిరస్త్రాణం పెట్టుకుని నవ్వుతున్నాడు.

అంబ్రోస్ గారు చాపల మీద కూర్చుని అవతల ఖాళీ చాపల వైపు చూశారు. "సరే, మనమే పాడి మనమే అందుకుందాం" అన్నారు.

నాకు ఎందుకో కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఫోనులో మా గుడి యువజన సంఘం వాళ్ళ గుంపు ఒకటి ఉంది. నలభై ఒక్క మంది. సెప్టెంబరులో నన్ను చేర్చారు. ఒక్క మాట ఎప్పుడూ రాయలేదు. ఆ రోజు రాశాను: "మన వయసువాడు పోయాడు. పాడటానికి ఒక వరుస ఉంది. అవతలి వరుస లేదు. ఎవరైనా రాగలరా?" కింద చిరునామా పెట్టి, భయమేసి ఫోన్ తిరగేసి చాప మీద పెట్టాను.

నలభై నిమిషాల్లో ఏడుగురు వచ్చారు. వీపున సంచులతో, చెమటలతో. ఒకబ్బాయి ఉద్యోగపు పరీక్షల తరగతి మధ్యలోంచి లేచి వచ్చాడు. ఒకమ్మాయి జుట్టుకి పూర్తిగా తెల్లరంగు వేయించుకుంది, పేరు సోరా, నాకంటే జానెడు పొడుగు. ఆ అమ్మాయి గుమ్మంలోనే ఆగిపోయింది.

"నాకింకా జ్ఞానస్నానం కాలేదండీ. పాఠాలు నేర్చుకుంటున్నాను. పాడొచ్చా?"

"చనిపోయినాయన అడగడులే. కూర్చో తల్లీ" అన్నారు అంబ్రోస్ గారు.

వాళ్ళకి రాగం రాదు. అంతా తొందర. రెండో చరణం దగ్గర అంబ్రోస్ గారు చెయ్యెత్తి ఆపారు. "నాయనా, ఇది ఆఖరి బస్సు కాదు. ఎక్కేవాళ్ళు ఎక్కనీ. మెల్లగా" అన్నారు. అందరూ నవ్వారు. చనిపోయినవాడి ముందు నవ్వామని నాకు కంగారు పుట్టింది, కానీ ఫొటోలో అతనూ నవ్వుతూనే ఉన్నాడు. మళ్ళీ మొదలుపెట్టాం. మేం ఒక చరణం పాడి ఆగాం. అవతలి నుంచి జవాబు వచ్చింది. శ్రుతి లేదు. ఒకడు ఒక గీత దాటేసి చదివాడు. కానీ వచ్చింది.

తర్వాత తెరేసమ్మగారు అందరికీ వేడి నూడుల్స్ తినిపించారు. ఏడుగురూ రాగం నేర్పమని అడిగారు. నన్ను అడిగారు, అమ్మమ్మా. శనివారం నుంచి వాళ్ళ ముందు నిలబడాలి.

సంఘం పెద్ద ఇంకోటి కూడా అడిగాడు. యువజనుల యొందో బృందం ఒకటి పెడదామని, దానికి నేను పెద్దగా ఉండాలని. అలా ఉండాలంటే పేరు ఈ గుడి పుస్తకంలో ఉండాలట. ఈస్టర్ దాకా కుదరదని చెప్పాను. ఎందుకో చెప్పలేదు.

కొలొంబా


సొట్‌గోల్,
10 డిసెంబరు 2023

కొలొంబాకి,

యేసుకు స్తోత్రం. నువ్వు మఠంలో చేరడం లేదని గుడిలో చెప్పడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. మగ్దలేనా అప్పటికే మఠంలో చలిగా ఉంటుందని మూడు జతల ఉన్ని మేజోళ్ళు అల్లేసింది. నల్లవి. "ఇప్పుడివి ఎవరు తొడుక్కుంటారు?" అని నా మీద పడింది. నీకే పంపుతున్నాను, గ్రంథాలయంలో కూడా చలి ఉంటుందిగా. జిన్సెంగ్ దానికిస్తే తాగి "చేదు" అని ఊసి, మళ్ళీ తాగింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక నీ ఉత్తరం పైకి చదివాను. ఎవరూ లేచి వెళ్ళలేదు. ఎనిమిది మందిమీ అక్కడే ఇటూ అటూ జరిగి కూర్చుని గ్రెగరీ కోసం మొదటి నుంచి చివరిదాకా పాడాం. ఆ పిల్లాడి బొమ్మ మేం చూడలేదు, అయినా శిరస్త్రాణం పెట్టుకున్న కుర్రాడు అందరికీ కనిపించాడు. యాకోబు తాత కొడుకూ అదే పని చేస్తాడు, పట్నంలో. ఆయన పాడలేకపోయాడు.

కాఫీ కప్పుల వాళ్ళ మీద నేనన్న మాటల్లో సగం వెనక్కి తీసుకుంటున్నాను. కప్పులు మాత్రం వాళ్ళు తీయాల్సిందే.

క్రిస్మస్ పాపసంకీర్తనం చీటీలు వచ్చాయి, ఫాదర్ దగ్గర పాపాలు చెప్పుకున్నాక పేరు రాసి పెట్టెలో వేసేవి. పంచడం, పోగుచెయ్యడం ఎప్పట్లాగే నా పనే. నీ చీటీ గురించి నువ్వేం పట్టించుకోకు.

అగాతా


సియోల్,
23 డిసెంబరు 2023

అమ్మమ్మకు,

మేజోళ్ళు అందాయి. ఒక జత నేను వేసుకున్నాను. ఒకటి సోరా అడిగి తీసుకుంది. మూడోది అంబ్రోస్ గారికి సరిపోయింది.

మొన్న పాపసంకీర్తనం చేసుకున్నాను. రెండున్నరేళ్ళ తర్వాత. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకుని వెళ్ళి, గబగబా చదివాను. ఫాదర్ "మెల్లగా చదవండి, తొందరేం లేదు" అన్నారు. బయటికి వచ్చాక చాలాసేపు చలిలో నడిచాను.

నా చీటీ నీ దగ్గర ఉంది కదా. ఇక్కడ ఖాళీ చీటీలు ఉంటే ఒకదాని మీద పేరు, సొంత గుడి పేరు రాసి పెట్టెలో వేశాను. వాళ్ళే మీ పెద్దగుడికి పంపుతారట. నీకొక పని తప్పింది.

క్రిస్మస్ శుభాకాంక్షలు. కప్పు కారే చోట బకెట్టు పెట్టుకో.

కొలొంబా


సొట్‌గోల్,
20 జనవరి 2024

కొలొంబా,

నాకు తప్పిన పని నీకు చెప్తాను విను.

మంగళవారం ఫాదర్ యూన్ వచ్చాడు. పూజ రోజు కాదు. బూట్లు విప్పి, నా వంటగదిలో కూర్చుని, బార్లీ నీళ్ళు తాగి, జేబులోంచి రెండు చీటీలు తీసి చాప మీద పక్కపక్కన పెట్టాడు.

"అగాతమ్మగారూ, మీ మనవరాలు ఒకే క్రిస్మస్‌కి రెండుసార్లు పాపసంకీర్తనం చేసిందా?"

"చాలా భక్తురాలు ఫాదర్."

"ఒకటి సియోల్‌లో, ఒకటి సొట్‌గోల్‌లో. అదీ ఒకే వారంలో."

"ఇప్పుడు రైళ్ళు వేగంగా పోతున్నాయిగా ఫాదర్."

"చేతిరాత కూడా మారిపోయింది. రైల్లో కుదుపులేమో."

ఇక లాభం లేదు. చెప్పేశాను. నీ చీటీ నేనే వేశాను. ఇది ఒకటి కాదు, ఐదోది. రెండేళ్ళుగా ప్రతి క్రిస్మస్‌కీ, ప్రతి ఈస్టర్‌కీ, నా చీటీ కింద నీది పెట్టి రెండూ ఒకటిగా పెట్టెలో జారవిడిచాను. చీటీలు రాకపోతే నీ పేరు వదిలేసినవాళ్ళ జాబితాలోకి పోతుంది. అప్పుడు మన గుడికి అరవై లోపు మనిషి ఉండడు.

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"అమ్మా, ఆ అమ్మాయి పేరు రెండేళ్ళు భద్రంగా కాపాడారు. ఆ రెండేళ్ళలో గుడికి వెళ్తున్నావా అని ఒక్కసారి అడిగారా?"

అడగలేదు కదా కొలొంబా. అక్టోబరులో అడిగాను. అప్పటికి నాలుగు చీటీలు వేసేశాను. ముందే అడిగితే లేదంటావేమోనని భయం. నువ్వు చివరి బెంచీలో ఒక్కదానివే కూర్చున్నావు, ఇక్కడ నేను నీ పేరు పెట్టెలో వేసుకుంటూ కూర్చున్నాను. ఆ ముల్లంగి పులుసు మాట కూడా అబద్ధమే. ఆ వాక్యం పదిసార్లు చదివాను.

ఫాదర్ నేను రాసిన చీటీ చించేశాడు. నీ చీటీ జేబులో పెట్టుకున్నాడు. "ఇది నిజంది. పుస్తకంలో పేరుంది, మనిషి గుడికి వెళ్తోంది. కాబట్టి లెక్క ప్రకారం మీ గుడికి ఢోకా లేదు" అన్నాడు. గుమ్మం దాటుతూ మాత్రం నవ్వాడు. "రైళ్ళు వేగంగా పోతున్నాయట" అని తనలో తనే అనుకుంటూ పోయాడు.

గుడి నిలబడింది. నాకు సంతోషంగా లేదు. నన్ను క్షమిస్తావా? వాక్యంలో జవాబు రాయి.

అగాతా


సియోల్,
2 ఫిబ్రవరి 2024

అమ్మమ్మకు,

నిన్ను క్షమించాను. ఇది వాక్యమే.

నువ్వు అడిగి ఉంటే "వెళ్తున్నాను" అని అబద్ధం చెప్పేదాన్ని. అప్పుడు ఇద్దరం చెరో అబద్ధం మోసేవాళ్ళం. కాబట్టి నువ్వొక్కదానివే మోసినందుకు, ఒక రకంగా, థాంక్స్.

నేనూ ఒకటి చెప్పాలి. నీ ఉత్తరాలు శనివారం పాఠం అయ్యాక మా వాళ్ళకి చదివి వినిపిస్తున్నాను. నిన్ను అడగలేదు. మొదట సోరా, ఆ మేజోళ్ళు ఎక్కడివని అడిగితే ఒకటి చదివాను. ఇప్పుడు పాఠం త్వరగా ముగించమని గొడవ. నీ పేరు ఇక్కడ పదకొండు మందికి తెలుసు. అవును, ఏడుగురు పదకొండయ్యారు. రైళ్ళ మాట దగ్గర అంబ్రోస్ గారికి కళ్ళనీళ్ళు వచ్చేంత నవ్వు. "బస్సు అని ఉంటే నేను సాక్ష్యం చెప్పేవాణ్ణి" అన్నారు.

సోరా నవ్వలేదు. "నా కోసం అంత అబద్ధం ఆడేవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు" అంది. వాళ్ళింట్లో ఎవరికీ దేవుడి పట్టింపు లేదు. ఈస్టర్‌కి తనకి జ్ఞానస్నానం. ఆ రోజు పక్కన తల్లిగా నిలబడే జ్ఞానతల్లిని ఇంకా ఎంచుకోలేదు. గుడివాళ్ళు ముగ్గురి పేర్లు చెప్పారట. ఆలోచిస్తానంది.

నేను ఇప్పుడు పదకొండు మంది ముందు మాట్లాడుతున్నాను. గొంతు ఇంకా పిల్లిదే. కానీ వెనకవాళ్ళకి వినపడుతోందట.

కొలొంబా


సొట్‌గోల్,
9 మార్చి 2024

నా కొలొంబాకి,

యేసుకు స్తోత్రం. మీరు వెళ్ళి వారమైంది. ఇల్లు ఇంకా నిశ్శబ్దం కాలేదు, ఒకడు మరిచిపోయిన ఫోను తీగ తీసుకుపొమ్మని రోజూ గుర్తు చేస్తోంది.

మగ్దలేనా ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిన పోయింది. నాలుగేళ్ళకోసారి వచ్చే రోజు చూసుకుని మరీ పోయింది, ఏటేటా మాకు శ్రమ ఇవ్వకూడదని. తొంభై ఒకటి. పోయేముందు రోజు నన్ను పిలిచి, "అటు వరుసలో నా చోట్లో ఎవర్నైనా కూర్చోబెట్టు. దగ్గులేని వాళ్ళని చూడు" అంది. సరేనన్నాను. ఎవర్ని తెస్తానో నాకే తెలియదు. ఏడుగురం మిగిలాం. నాలుగూ మూడూ.

ఫాదర్ యూన్ నీకు కబురు చేశాడని నాకు తెలియదు. మార్చి ఒకటి సెలవు రోజు, పిల్లలు ఎక్కడికైనా విహారం పోయే రోజు. మేం పట్నంలో హాల్లో కూర్చుని, ఇటూ అటూ సర్దుకుంటున్నాం. తలుపు తీసుకుని తొమ్మిది మంది వచ్చారు. ముందు నువ్వు. నీ వెనక తెల్లజుట్టు కనిపిస్తే, ఇదెవరి ముసలమ్మో అనుకున్నాను. తీరా చూస్తే పిల్ల.

నువ్వు అటు కూర్చున్నావు కాబట్టి నీకు కనపడనిది చెప్తాను. ముసలివాళ్ళం ఏడుగురం ఒకే వరుసలోకి వచ్చేశాం. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా కూర్చోలేదు. ఎదురుగా మీరు. మేం చరణం పాడి ఆగాం. ఆ ఆగే చోట కొన్నేళ్ళుగా నాకు గుండె కొట్టుకుంటుంది, వస్తుందా రాదా అని. ఈసారి ఆ జవాబు నా పోయిన చెవిలోకి కూడా వచ్చింది. యాకోబు తాత వెనక్కి వంగి "గోడ పడిపోతుందేమో" అన్నాడు. మగ్దలేనా కొడుకు ఏడుపు ఆపి మీ వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆయన గుడికొచ్చి ఇరవై ఏళ్ళు. చివరి చరణాలకి మెల్లగా మీ వరుస చివరికి వెళ్ళి కూర్చున్నాడు. నువ్వు పుస్తకంలోకి చూస్తున్నావు, చూసి ఉండవు.

మీ రాగం మాత్రం తప్పు. అంటే, సియోల్ రాగం. మా కొండరాగంలో చివర ఒక మెలిక ఉంది. దాన్ని మీ పరీక్షల అబ్బాయి అక్కడికక్కడే పట్టుకోబోయి గొంతు కీచుమనిపించాడు. నేర్చుకుంటానంటున్నాడు. వేసవి సెలవుల్లో వస్తారట, పదకొండు మందీ. ఎక్కడ పడుకుంటారర్రా అంటే, గుడిలో అన్నారు. కప్పు కారుతుందంటే, బాగుచేస్తాం అన్నారు. బాగుచెయ్యడం వీళ్ళలో ఒక్కడికైనా వచ్చో రాదో!

ఇప్పుడు అసలు మాట. నీ పేరు సియోల్‌కి మార్పించుకో.

కాగితం మీద నేనే ఫాదర్ చేత సంతకం పెట్టించాను, ఇందులో పెట్టాను. ఆయన రెండుసార్లు అడిగాడు: "అగాతమ్మగారూ, అప్పుడు మీ పుస్తకంలో అరవై లోపువాళ్ళు సున్నా. తెలుసుగా?" తెలుసన్నాను. నేను కాపాడాలనుకున్నది మన పుస్తకంలో నీ పేరు. నువ్వు ఉండాల్సిందేమో ఆ పదకొండు మంది ముందు. రెండూ ఒక చోట లేవు. ఇన్నాళ్ళూ మన గుడి మూతపడితే అంతా అయిపోయినట్టే అనుకున్నాను. మార్చి ఒకటిన ఆ హాల్లో మన గుడి లేదు, గంట లేదు, కప్పు లేదు. అయినా ఏదీ తక్కువ కాలేదు.

ఫాదర్ మేత్రాసనానికి ఉత్తరం రాశాడు. ఏడుగురు ముసలివాళ్ళు, వేసవిలో వచ్చే పదకొండు మంది, ఒక కొండరాగం అని ఉన్నదున్నట్టు రాశాడట. ఏం చేస్తారో తెలియదు. జవాబు రాలేదు. రోజూ తపాలావాడి కోసం చూడటం మానేశాను.

ఇంకోటి ఉంది, నీకు ఇంకా తెలియదనుకుంటాను. బస్సు ఎక్కేముందు సోరా నన్ను పక్కకి పిలిచింది. నా ఎడమ చెవి దగ్గర వంగి గట్టిగా అరిచింది, ఊరంతా వినపడేలా:

"బామ్మగారూ! నాకు జ్ఞానతల్లిగా ఉంటారా?"

"నాకు డెబ్బై తొమ్మిది పిల్లా! ఎన్నాళ్ళుంటానో! నీకు ముగ్గుర్ని చూపించారుగా?"

"వాళ్ళు మంచివాళ్ళే. కానీ నేను గుడి మానేస్తే వాళ్ళు జాబితాలో రాసుకుంటారు. మీరు ఊరుకోరు."

"ఇకమీదట చీటీలు వెయ్యను" అన్నాను.

"వద్దు. ఉత్తరం రాయండి చాలు" అంది.

అందుకని ఈస్టర్ జాగరణకి సియోల్ వస్తున్నాను. ముప్పై రెండేళ్ళయింది ఆ ఊరు చూసి. ఫాదర్ రైలు టిక్కెట్టు కొనిచ్చాడు, "వేగంగా పోయేది" అని చెప్పి మరీ ఇచ్చాడు. స్టేషనుకి నువ్వు రా. అంబ్రోస్ గారు వస్తే ఆయన్నీ తీసుకురా, బస్సు సంగతి నేరుగా మాట్లాడాలి.

నీళ్ళు పోసేటప్పుడు జ్ఞానతల్లి కుడిచెయ్యి బిడ్డ భుజం మీద పెట్టాలి కదా. సోరా నాకంటే రెండు తలలు పొడుగు. నా నడుం చూసి "నేను వంగుతాలెండి బామ్మగారూ" అంది. వంగొద్దని చెప్పు. నేనే చెయ్యి పైకెత్తుతాను.

మీ అమ్మమ్మ,
సోరాకి కాబోయే జ్ఞానతల్లి,
అగాతా